ఏడాదికి రెండు సినిమాలు చూసేవాళ్లం, నెలనెలా దుడ్లెందుకు కట్టాల?

తిరుపతిలో, చిత్తూరులో సంక్రాంతికొకటి, శివరాత్రికొకటి తప్ప సినిమా జోలికి పోని ఇళ్లవాళ్లారా! ఈ కరపత్రం మీకోసమే.

శివరాత్రి జాగారాలు గుర్తున్నాయా? వీధిలో తలా అయిదూ పదీ వేసుకుని, వీడియో అంగట్లో కలర్ టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు బాడుగకు తెచ్చుకుంటిమి. టీవీని దుప్పట్లో చుట్టి రిక్షాలో పెట్టుకొచ్చేవాళ్లు. బొమ్మ మసకేస్తే డెక్కు పిల్లోడు మూత తెరిచి హెడ్డు తుడిచేదాకా వీధి వీధంతా ఊపిరి బిగబట్టి కూర్చునేది. మూడో సినిమా అయ్యేలోగా తెల్లారిపోయేది. క్యాసెట్టు వెనక్కి తిప్పి ఇచ్చేస్తే లెక్క తీరిపాయ. మళ్లీ పండగ దాకా ఆ అంగడాయన మన తలుపు తట్టి దుడ్లడిగింది లేదు.

ఇప్పుడు అడక్కుండానే తీసుకుంటున్నారు. పోయిన సంక్రాంతికి మనవరాలు అడిగిందని ఒకే ఒక సినిమా కోసం ఒక యాప్‌కు నెల చందా కట్టినాను. సినిమా ఒక్క రాత్రిలో అయిపోయింది. చందా మాత్రం నెలనెలా పింఛను పడిన వారంలోపలే పోతా ఉండింది. బ్యాంకులో పాసుపుస్తకం అచ్చు వేయించిన రోజు చూస్తే అదే అంకె పదకొండు తూర్లు! వెయ్యి రూపాయలకు పైనే. ఆ దుడ్లతో మా ఇంటికి నెల పాలు వచ్చుండేవి.

అయ్యా, సినిమాలు దండిగా చూసేవాళ్లకు చందా లాభమే, కాదనను. మనకు మాత్రం పాత బాడుగ పద్ధతే మేలు. అది ఎక్కడికీ పోలేదు, ఫోన్లోనే ఉంది. యూట్యూబులో, అమెజాన్ ప్రైమ్ వీడియోలో కొన్ని సినిమాలు విడిగా బాడుగకు ఇస్తారు. ప్రైమ్ వాళ్లు 2022 ఏప్రిల్‌లో ఈ అంగడి తెరిచారు, దానికి చందా కట్టి ఉండాల్సిన పని లేదు. మామూలుగా, బాడుగ కట్టినాక చూడ్డం మొదలుపెట్టడానికి 30 రోజుల గడువు, మొదలుపెట్టినాక ముగించడానికి 48 గంటలు. శనివారం రాత్రి సగం చూసి పండుకున్నా, ఆదివారం సంగటి తిన్నాక మిగతాది చూడొచ్చు. మన రాష్ట్ర ఫైబర్‌నెట్ కూడా 2023 జూన్‌లో 99 రూపాయలకు 24 గంటలని, విడుదలైన రోజే కొత్త సినిమాను ఇంటికిచ్చే పద్ధతి మొదలుపెట్టింది. కాబట్టి ఇది కాని పని కాదు.

అయినా మనకు కావాల్సిన తెలుగు సినిమాలు చాలావరకు చందా గోడ లోపలే ఉన్నాయి. అందుకే అడగాలంటున్నాను. అడిగితే వింటారు. 2022 మేలో 'ఆర్ఆర్ఆర్' సినిమాకు చందాదారులు కూడా విడిగా బాడుగ కట్టాలని జీ5 మొదట చెప్పింది. జనం గట్టిగా అడిగేసరికి ఆ బాడుగ ఎత్తేసింది. ఆ జనం అడిగింది ఒకటి, మనం అడిగేది ఇంకొకటి: ఒక్క సినిమాకు ఒక్క బాడుగ కట్టి, చూసి, లేచిపోయే దారి ప్రతి తెలుగు సినిమాకూ పెట్టండి. మీ ఫోన్లో ఏ యాప్ ఉంటే దాని సహాయం పేజీలో ఈ మాటే తెలుగులో రాయండి. పిల్లోళ్ల చేత రాయించినా సరే.

దానికంటే ముందు ఈ రాత్రే ఒక పని చేయండి. మీరు దుడ్లు పంపే యాప్‌లో ‘ఆటోపే’ అని ఉంటుంది, తెరవండి. ఆ యాప్ నుంచి నెలనెలా కోసుకునేవి అక్కడ వరసగా కనబడతాయి. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయండి. కార్డు మీద కట్టుంటే, దుడ్లు కోసుకునే 24 గంటల ముందే బ్యాంకు మెసేజీ పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, దాన్ని చూడకుండా తుడిచేయొద్దు. ఇంకో మాట: టెలిగ్రామ్‌లో ఊరికే వస్తుందని దొంగ కాపీల లింకులు నొక్కొద్దు. సినిమా కోసం పోయి ఖాతా పోగొట్టుకుంటాం.

ఒంటరిగా చేతకాకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. ఈ ఆదివారం పొద్దున 10 గంటలకు తిరుపతి కొర్లగుంటలో మా వీధి మొదట్లో వేపచెట్టు కిందికి రండి. కాలేజీ చదివే మన ఆడపిల్లలు ఇద్దరు కూర్చుని ఒక్కొక్కరికీ చూపిస్తారు. ఫోను మీ చేతిలోనే ఉంటుంది, పిన్ను ఎవురికీ చెప్పాల్సిన పని లేదు. కళ్లద్దాలు మరిచిపోవద్దు, పాసుపుస్తకం కూడా తెచ్చుకోండి.