పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొంటే పోయేదేముంది?

పోయేది ట్యూబ్! నా అనుభవమే చెప్తా వినండి.

నా మొదటి ట్యూబ్ గిటార్ ఆంప్ ఆన్ చేసి, ఒక కార్డ్ కొట్టి మురిసిపోతున్నా. ఐదు నిమిషాలకి పవర్ ట్యూబ్ లోపలి రేకు (దాన్నే ప్లేటు అంటారు) కాల్చిన అట్లకాడలా ఎర్రబడింది. స్పీకర్లో గుర్రుమని ఓ చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. కొత్త ట్యూబ్ ఖతం. తప్పు నాదే. ‘పెద్దదైతే సేఫ్ కదా’ అనుకుని, పెద్ద ఆంప్‌ కోసం చుట్టిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని బుల్లి ఆంప్‌లో బిగించాను.

అందుకే ఈ వారం ముచ్చట ఇదే. ఉదాహరణకి ఫెండర్ వాళ్ల ఛాంప్ తీసుకుందాం. 1950ల నాటి 5ఎఫ్1 సర్క్యూట్. మొత్తం మూడే ట్యూబులు: ప్రీఆంప్‌కి 12ఎఎక్స్7, పవర్‌కి 6వి6, ఏసీని డీసీ చేయడానికి 5వై3. వచ్చేది సుమారు 5 వాట్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా దీనితోనే చేతులు కాల్చుకుంటారు, నాలాగే!

ఈ ఆంప్‌కి ట్రాన్స్‌ఫార్మర్ మూడు రకాల సప్లై ఇవ్వాలి. మొదటిది హై వోల్టేజీ, 325-0-325. ఇది 5వై3 గుండా వెళ్లి సుమారు 340 వోల్టుల డీసీ అవుతుంది. రెండోది ట్యూబుల్ని వేడి చేసే హీటర్లకి 6.3 వోల్టులు. మూడోది 5వై3 ఫిలమెంటుకి విడిగా 5 వోల్టులు, 2 ఆంపియర్లు. విడిగా ఎందుకంటే, ఆ ఫిలమెంటు మీదే మొత్తం హై వోల్టేజీ కూర్చుని ఉంటుంది. మిగతా హీటర్లతో కలిపామా, అంతే సంగతులు.

ఇప్పుడు కూడికలు. 6వి6 హీటర్‌కి 0.45 ఆంపియర్లు, 12ఎఎక్స్7కి 0.3, ముందు వెలిగే బుల్లి లైటుకి 0.15. మొత్తం 0.9. హై వోల్టేజీ వైపు 6వి6 సుమారు 45 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, 12ఎఎక్స్7 ఒకటి రెండు. 50 వేసుకోండి.

అసలు సూత్రం ఇక్కడుంది: వోల్టేజీ చెప్పు లాంటిది, కరెంటు సంచి లాంటిది. చెప్పు సరిగ్గా పట్టాలి. సంచి కాస్త పెద్దదైనా నష్టం లేదు. 0.9 ఆంపియర్లు కావాల్సిన చోట 2 ఆంపియర్ల వైండింగ్ ఉంటే హాయిగా, చల్లగా పనిచేస్తుంది. కానీ 325 ఉండాల్సిన చోట 375 ఉంటే ట్యూబ్ మీద భారం పడుతుంది. 6వి6జీటీ డేటాషీట్‌లో ప్లేటు పరిమితి 315 వోల్టులే. ఛాంప్ ఇప్పటికే ఆ అంచున నడుస్తోంది. నేను దాన్ని అంచు దాటించి తోసేశాను.

సంచి కూడా మరీ గోనె అయిపోకూడదు. 150 మిల్లీ ఆంపియర్ల వైండింగ్‌పై 50 మాత్రమే లాగితే, రాసినదానికంటే ఎక్కువ వోల్టులు వస్తాయి. 70-80 అడగండి, చాలు.

‘5వై3 ఎందుకు, రెండు డయోడ్లు పెడితే పోలా?’ అనిపిస్తుంది. 5వై3 తనలోనే కొన్ని పదుల వోల్టులు మింగేస్తుంది. డయోడ్లు మింగవు. 325ని 1.414తో గుణించి చూడండి: దాదాపు 460! మళ్లీ ఎర్ర ప్లేటే.

ఇంకో మెలిక మన గోడ సాకెట్. సర్క్యూట్ అమెరికాది, కరెంటు మనది. అక్కడి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ని మన 230కి నేరుగా పెడితే పొగే. ‘60 హెర్ట్జ్’ అని మాత్రమే రాసున్నది మన 50 హెర్ట్జ్‌పై మామూలుకన్నా వేడెక్కుతుంది. ప్రైమరీ 220కి చుట్టించి, ఇంట్లో 240 వస్తే అన్ని వోల్టేజీలూ 9 శాతం పెరుగుతాయి. 6.3 కాస్తా 6.87 అవుతుంది.

కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊళ్లో చుట్టించుకున్నా, చీటీ మీద ఇలా రాసివ్వండి: ‘ప్రైమరీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకండరీ 325-0-325, 80 మిల్లీ ఆంపియర్లు, 6.3 వోల్టులు, 2 ఆంపియర్లు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు.’ ‘ఛాంప్‌కి ఒకటివ్వన్నా’ అని మాత్రం అనకండి.

తెచ్చాక ట్యూబులు పెట్టకుండా, పాత మెకానిక్కుల సిరీస్ బల్బుతో ఆన్ చేయండి. 60 వాట్ల ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు గట్టిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. వెలగకపోతే, మిణుకుమంటే పర్లేదు.

చివరిగా, దయచేసి వినండి. ఫ్యూజు, ఎర్త్ లేకుండా ఆంప్ కట్టొద్దు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు దాక్కుని ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. ట్యూబ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

వచ్చే వారం: స్పీకర్ వైపు ఉండే రెండో ట్రాన్స్‌ఫార్మర్ కథ.