గుట్టెక్కితేనే హాజరు
2022 అక్టోబరు 1న ఢిల్లీలో 5జీ ప్రారంభమైంది. ఆర్నెల్లు తిరక్కముందే, 2023 మార్చిలో, 6జీ దార్శనిక పత్రమూ విడుదలైంది. సంతోషమే. ఈ రెంటి మధ్యలో, 2023 జనవరి 1 నుంచి, ఉపాధి హామీ పనుల్లో యాప్‌లో రోజుకు రెండు ఫొటోల హాజరు తప్పనిసరి చేశారు. ఏజెన్సీలో సిగ్నల్ అందని ఊళ్లో, పనిచోట హాజరు వేసే మేట్ ఏం చేయాలి? ఫోను పైకెత్తి పట్టుకుని గుట్టెక్కాలి, ఒక్క గీతైనా కనబడేదాకా చెట్ల మధ్య అటూ ఇటూ తిరగాలి. ఫొటో ఎక్కలేదా, తవ్విన గొయ్యి కళ్లెదుటే ఉన్నా కూలికి చిక్కే. మరి 5జీ ఈ గుట్టలకు అందదా? దానికి వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగాలది మహా వేగం, కానీ గోడ అడ్డొస్తే చతికిలబడతాయి. దూరం పోయేవి అదే వేలంలో అమ్మిన 700 మెగాహెర్ట్జ్ తరంగాలు. పోతాయి సరే, పంపే టవరేదీ? నలభై గడపల గూడెంలో రీచార్జిల మీద డీజిలు ఖర్చైనా రాదని కంపెనీల లెక్క. వ్యాపారులు కదా, వాళ్లనేం అంటాం! యాప్ పెట్టినవాళ్లనే అడగాలి: టవరు లేచేదాకా ఆ ఊళ్లకు కాగితం మస్టరు ఎందుకు ఉంచరు?