కిటికీ అవతలి మనిషినీ ‘మీరు’ అనండి

పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి, తర్లుపాడు మండలాల ప్రజలకూ, ఇక్కడి కార్యాలయాల్లో పనిచేసే ఉద్యోగులకూ విజ్ఞప్తి.

అరవై దాటిన కూలీ పాసుపుస్తకం పని మీద ఆఫీసుకొస్తాడు. కొడుకు వయసు గుమాస్తా తలెత్తకుండానే “ఏందిరా? నీకెన్నిసార్లు చెప్పాల?” అంటాడు. పెద్దాయన “అయ్యా, సారూ” అంటూ చేతులు కట్టుకునే ఉంటాడు. కాసేపటికి కాంట్రాక్టరు లోపలికొస్తే అదే నోట “రండి, కూర్చోండి, టీ చెప్పమంటారా” అని వస్తుంది. “అండీ, గిండీ గోదావరోళ్ల మాటలు, మన యాసలో ఎక్కడున్నాయి?” అనేవాళ్లు ఆ కాంట్రాక్టరు వచ్చినప్పుడు ఒక్కసారి చెవి పెట్టి వినండి. మన యాసలో మర్యాద నిండుగా ఉంది. ఎవరికివ్వాలో కులాన్నీ, కట్టుకున్న బట్టనీ చూసి తేల్చుకుంటున్నాం.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఘోరం. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ ఎదురుగా ఉండగానే “అది నిన్న కూడా వచ్చింది” అంటారు. గొడ్డు వచ్చినా ‘వచ్చింది’, మనిషి వచ్చినా ‘వచ్చింది’. ‘ఆమె వచ్చారు’ అనడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

“చనువుతో అంటాం, తప్పేముంది?” అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అమ్మను నువ్వంటాం, దేవుణ్ణి నువ్వంటాం, ఆ నువ్వు జోలికి ఎవరూ పోవడం లేదు. చనువైతే రెండు వైపులా ఉండాలి. ఆ పెద్దాయన కూడా తిరిగి “నువ్వు చెప్పు అబ్బాయా” అంటే గుమాస్తా ఊరుకుంటాడా? ఊరుకోనప్పుడు అది చనువు కాదు, పెత్తనం. పైగా కసురు తిన్న మనిషి రెండో ప్రశ్న అడగడు. ఏ కాగితం తక్కువైందో తెలియకుండానే ఇంటికి పోతాడు. మళ్లీ బస్సు చార్జీ, మళ్లీ ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తాడు.

ఇది మారదని అనుకోవద్దు. మాటలోనే పెద్దా చిన్నా అంతరాలు మెట్లుమెట్లుగా పేర్చుకున్న దేశం జపాన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త రాజ్యాంగం వచ్చాక, 1952లో అక్కడి జాతీయ భాషా మండలి ‘ఇకపై మర్యాద భాష’ అనే నివేదిక ఇచ్చింది. మర్యాదకు ఆధారం పై స్థాయి, కింది స్థాయి కాకుండా ఒకరి వ్యక్తిత్వాన్ని ఒకరు గౌరవించుకోవడమే కావాలన్నది. ప్రజలకూ ప్రభుత్వోద్యోగులకూ మధ్య మాట సమానంగా, మెత్తగా ఉండాలని, కార్యాలయాల కిటికీల దగ్గరా పోలీసుల నోటా అప్పటికే వస్తున్న మార్పు ఇంకా విస్తరించాలని కోరింది. అంత దూరం ఎందుకు? 2021 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, పోలీసులు జనాన్ని ‘ఎడా, ఎడీ, నీ’ అని పిలవడం తగదని చెప్పింది. ఆ వెంటనే డీజీపీ అన్ని స్టేషన్లకూ సర్క్యులర్ పంపారు. ‘ఎడా’ అంటే మన ‘ఒరేయ్’, ‘ఎడీ’ అంటే మన ‘ఒసేయ్’, ‘నీ’ అంటే మన ‘నువ్వు’.

మనకూ 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ వర్గాలవారిని ఇతరులు కులం పేరుతో నలుగురిలో తిడితే అది నేరం. కులం పేరెత్తకుండా ఒక్క ‘రా’తో మనిషిని దించేస్తే మాత్రం చాలాసార్లు కేసు దాకా పోదు. అందుకే తీర్మానం కావాలి.

పొదిలి నగర పంచాయతీ, మండల పరిషత్తులు, గ్రామ సభలు ఈ తీర్మానం చేయాలి: తహసీల్దారు కార్యాలయం, సచివాలయం, పోలీస్ స్టేషన్, ప్రభుత్వాసుపత్రి, పొగాకు వేలం కేంద్రం, ఆర్టీసీ డిపో — వీటిలో ఎక్కడైనా వయసొచ్చిన ప్రతి మనిషినీ ‘మీరు’ అనాలి. పేరు తెలిస్తే ‘గారు’ చేర్చాలి, తెలియకపోతే అన్నా, అక్కా, పెద్దాయనా అన్నా సరే. ‘ఏరా, ఒసే’లు నిషేధమని కిటికీ పైన పెద్దక్షరాలతో బోర్డు కట్టాలి. సోమవారం అర్జీల్లో ఈ ఫిర్యాదునూ తీసుకోవాలి. ఆ కిటికీల వెనక పనిచేసే స్వీపర్లను, అటెండర్లను పై అధికారులు కూడా ‘మీరు’ అనాలి. కసురు పైనుంచే దిగుతుంది.

ఇది చదివినవారు మీ వార్డు సభ్యుణ్ణో సర్పంచినో కలిసి, వచ్చే సభ అజెండాలో ఈ తీర్మానం పెట్టమని రాతపూర్వకంగా అడగండి. అక్షరం రానివారికి ఈ కాగితం చదివి వినిపించండి.