మాక్రోల నేర్పును గూర్చి

సి భాషను నేర్చుకొను విద్యార్థులు మాక్రోలలో చమత్కారములు చూపుటయే ప్రజ్ఞ యని తలంచుట మేము పలుమారు చూచియున్నాము. మేమును కొంతకాల మట్లే తలంచితిమి. ఇప్పు డా యభిప్రాయమును విడిచితిమి. ఏల విడిచితిమో విన్నవించెదము.

1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలయందు డెన్నిస్ రిచీ నిర్మించిన యీ భాషలో మాక్రో యనునది లెక్క యెరుగని లేఖకుని వంటిది. ఒక మాటకు బదులు మరియొక మాటను వ్రాసిపెట్టుటయే దాని పని. అర్థముతో దానికి నిమిత్తము లేదు. వర్గమును క * క యని నిర్వచించి, క స్థానమున 1 + 2 ఉంచినచో నది 1 + 2 * 1 + 2 అగును. ఫలము 9 కాక 5. కుండలీకరణము లుంచినచో నీ దోషము పోవును. ఇది యెల్లరు నెరిగినదే.

మమ్ము మోసపుచ్చినది వేరొకటి. రెండు సంఖ్యలలో పెద్దదానిని దెలుపు మాక్రోను, కుండలీకరణము లన్నియు సరిగా నుంచియే, వ్రాసితిమి. మార్కుల పట్టీనుండి యొక్కొక్క మార్కును చదివి తెచ్చు ఫంక్షనును, అంతవరకు దొరికిన గరిష్ఠమును దాని కప్పగించితిమి. పట్టీలో 92, 41, 67, 55 ఉండెను. యంత్రము గరిష్ఠము 55 అని చెప్పెను! మాక్రో యా ఫంక్షను పిలుపును రెండుచోట్ల వ్రాసియుండెను: పోల్చుట కొకమారు, ఫలమిచ్చుట కొకమారు. 92 పెద్దదని తేలినంతనే రెండవ పిలుపు 41ని తెచ్చెను. 67 తరువాత 55ను తెచ్చెను. మా కంపైలరు హెచ్చరిక యొక్కటియు చేయలేదు. అది బహుమతులకై వేసిన లెక్క యైనచో, 92 మార్కులు పొందిన బాలికకు మేమేమి సమాధానము చెప్పగలము?

జీసీసీ కంపైలరునందు విలువను ముందుగా నొక తాత్కాలిక చలరాశిలో దాచి, మాక్రోలోనే యీ చిక్కును దాటు నుపాయము కలదు. పనిచేయును; కాని ప్రమాణభాషలో లేనిది. 1999 నాటి ప్రమాణమే ఇన్‌లైన్ ఫంక్షనుల నొసగియుండగా నీ డొంకతిరుగు డేల? ఫంక్షను తన కిచ్చినదానిని ఒక్కమారే లెక్కించును.

మాక్రోలను బొత్తిగా వెలివేయవలెనని మా వాదము కాదు. దోషసంఖ్యల పట్టికను, వాని పేర్ల పట్టికను వేర్వేరుగా వ్రాసినచో, ఒకటి మార్చి రెండవది మరచుట సహజము. జాబితాను ఒక్కచోటనే వ్రాసి, మాక్రోను రెండు విధముల నిర్వచించి, దానినుండియే రెండు పట్టికలను పుట్టించు ఎక్స్-మాక్రో పద్ధతికి ఫంక్షను బదులు కాజాలదు. అట్టిచోట దానిని వాడిన విద్యార్థిని మేము మెచ్చుకొందుము. రెండు సంఖ్యలలో పెద్దదానిని గనుటకు వాడినచో మాత్రము, ఆ పంక్తిని చెరిపించి ఫంక్షను వ్రాయించుచున్నాము.