తడబడు కారు - తొందరపడు తీర్పు

నారాయణగూడ కూడలి నుండి చిక్కడపల్లికి పోవు బాటలో వాహనములు కదలుటకన్న ఆగుటయే ఎక్కువ. అచ్చట యాక్సిలరేటరు తొక్కినంతనే పాత కారొకటి క్షణకాలము ఊపిరి బిగబట్టి, పిదప కుదుపుతో కదలును. వెనుక బస్సు తరుముచుండగా ఆ క్షణము అపాయకరము. "ముసలిబండి, పని అయిపోయినది" అని చూచువారు తేల్చివేయుదురు. అది తీర్పే గాని విచారణ కాదు.

2014లో తయారీ నిలిచిన అంబాసిడరు, మారుతి 800 కార్లలో పాతవాటికి కార్బురేటరే ఆధారము. యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కినపుడు గాలి వెంటనే లోనికి చొచ్చును, పెట్రోలు వెనుకబడును. తూకములో ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి చాలును. గాలి మితిమీరినచో ఇంజిను తడబడును. ఆ లోటు తీర్చుటకే కార్బురేటరులోని చిన్న పంపు కొంత పెట్రోలును అదనముగా చిమ్మును. దాని పొర చిరిగినచో ఎన్ని ప్లగ్గులు మార్చినను డబ్బు దండుగయే.

కావున ప్రశ్నలకొక వరుస వలయును. ఇంజిను రొద పెరిగియు కారు వేగము పెరుగనిచో జారుచున్నది క్లచ్చి. నెమ్మదిగా పోవుచు నాలుగవ గేరులో తొక్కినచో దోషము నడపువానిది. రెండును కానిచో, చల్లారిన ఇంజినుపై ఎయిర్ ఫిల్టరు తీసి, దరిదాపున నిప్పు లేకుండ చూచుకొని, థ్రాటిలును చేతితో తెరువవలెను. లోన పెట్రోలు ధార పడనిచో మొదట అనుమానింపవలసినది ఆ పంపునే. పడినచో ఫిల్టర్లు, గాలి దూరు రబ్బరు గొట్టములు, ప్లగ్గులు, కాంటాక్టు పాయింట్లు వరుసగా పరీక్షింపవలెను. ఒక పర్యాయము ఒక్కదానినే మార్చవలెను; అన్నియు ఒకేసారి మార్చినచో కారు బాగుపడవచ్చును గాని కారణము తెలియదు.

మెకానిక్కు ఉండగా చదువుకొన్నవానికి ఇదంతయు ఏల యని కొందరందురు. మంచి మెకానిక్కు మొదట చేయునది ప్రశ్నించుటయే: తడబాటు చల్లని ఇంజినులోనా, వేడెక్కిన పిదపనా? దానికి బదులు చెప్పలేనివాడే అక్కరలేని సామానుకు డబ్బు చెల్లించును.

తర్కశాస్త్రము పొగను బట్టి నిప్పును ఊహింపుమన్నది. కాని తడబాటునకు కారణములు పెక్కు. ఒక్కొక్కటి తోసిపుచ్చినగాని అసలుది చిక్కదు. అశోక్‌నగరులో వేలాది యువకులు పోటీ పరీక్షలకై జవాబులు వల్లించుచున్నారు. జవాబు వెదకు వరుసను నేర్పు పాఠము బడిలోనే ఉండవలెను. పాఠము చదువుచు తడబడు బాలుని "మందబుద్ధి" యనుటకు ముందు వాని చూపు, వినికిడి, ఆకలి, భయము వరుసగా విచారించు ఉపాధ్యాయుడే ఆ పాఠమును నేర్పగలడు.