కుర్చీలు మోయుటయేనా సేవ?

ఉగాది పది దినములలో వచ్చుచున్నదనగా మన సంఘములకు విద్యార్థులు జ్ఞప్తికి వత్తురు. వేదికకు మామిడాకులు కట్టవలెను, నాలుగువందల కుర్చీలు వరుసలుగా వేయవలెను, వచ్చినవారికి ఉగాది పచ్చడి అందింపవలెను, శాలువలు పళ్లెరములలో సిద్ధముగా నుంచవలెను. ఈ పనులకు కళాశాలలలో చదువుకొను మన పిల్లలకంటె తగినవారెవరు? వారు వత్తురు, మోయుదురు, వెనుక వరుసలో నిలుచుందురు. వందన సమర్పణ వేళ కార్యదర్శిగారు "మన యువతరము" అని ఒక మాట యందురు. సభ చప్పట్లు కొట్టును. మరల ఉగాది వచ్చువరకు వారి ఊసు మనకుండదు.

మేమును ఇట్టి కార్యవర్గములలో ఇరువదియేండ్లుగా కూర్చున్నవారమే. కావున ఇతరుల తప్పులెన్నుట మా ఉద్దేశము కాదు. మా పాలు కూడ ఇందు కలదు. ఐనను చెప్పవలసిన మాట చెప్పక తీరదు. విశ్వవిద్యాలయ విద్యార్థి తరగతి గది దాటి వెలుపలికి వచ్చినపుడు మనము అతనికి చూపుచున్న పని పనియే కాదు. అతడు చేయుచున్నానని తలంచుచున్న సేవలో అధికభాగము సేవయు కాదు.

చదువుకొనువారు గది వెలుపల దేశమునకు కొంత పాటుపడవలెనను తలంపు నిన్న పుట్టినది కాదు. 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తిరుత్తణిలోని తెలుగు కుటుంబమున పుట్టినవారు గనుక ఈ సంచిక చదువువారికి ఆయన పరాయివారు కారు. విద్యాలయములలో విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయసేవ చేయు ఏర్పాటు ఉండవలెనని ఆ సంఘము సూచించెను. ఆ సూచన కార్యరూపము దాల్చుటకు ఇరువదియేండ్లు పట్టెను. గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమయ్యెను. ఏటికి 120 గంటల వంతున రెండేండ్లలో 240 గంటల పని, ఒక పల్లెనో పేటనో ఎన్నుకొని ఏడు దినముల శిబిరము, ఇది దాని కట్టడి. "నేను కాదు, మీరు" అనునది దాని నినాదము.

ఈ కట్టడిలో మాకు దోషము కనబడుట లేదు. 2015 డిసెంబరు వరదలలో చెన్నపట్టణపు విద్యార్థులు మోకాటిలోతు నీటిలో అన్నపు పొట్లములు మోసిన సంగతి కన్నులార చూచినవారము. ఆనాడు గంటలు లెక్కించినవారు లేరు. గంటలు నింపి ధ్రువపత్రము పుచ్చుకొనుట అలవాటైన పిమ్మట మాత్రము, ఆ గంటలలో ఏమి జరిగినదని అడుగువారు లేకపోయిరి.

ఏమి జరుగుచున్నదో మేము చూచినది చెప్పుదుము. కొన్ని సంవత్సరముల క్రిందట చెన్నపట్టణమున ఒక కళాశాలయు ఒక తెలుగు సంఘమును కలిసి పరిశుభ్రతా శిబిరమొకటి నడపినవి. పేర్లతో పనిలేదు. ఆ సంఘమున మేమును సభ్యులమే. ఉదయము తొమ్మిది గంటలకు ముప్పదిమంది విద్యార్థులు తెల్లని చొక్కాలు తొడిగికొని, చేత క్రొత్త చీపుళ్లు పట్టుకొని వచ్చిరి. నగరపాలక సంస్థ పనివారు తెల్లవారకముందే ఊడ్చిపోయిన వీధి అది. ఊడ్చిన వీధినే మరల ఊడ్చిరి. ఫోటోకు చెత్త చాలలేదని ఎవరో తొట్టిలోని ఎండుటాకులు తెచ్చి నడివీధిలో పోసిరి. ఆ తెచ్చినవారు మేము కాము, వలదనినవారమును కాము.

ఆ వీధిని ఊడ్చిన స్త్రీ ఎదుటి అరుగుపై కూర్చుండి ఇదంతయు చూచుచుండెను. మా మాటలు విని లేచి వచ్చి, "మీరు తెలుగోళ్ళా బాబూ?" అని అడిగెను. ఆమె తాత నెల్లూరు సీమనుండి పనికై వచ్చినాడట. మూడు తరములు గడచినను ఇంటిలో తెలుగే. చదువుట మాత్రము ఆమెకు తెలుగులోను రాదు, తమిళములోను రాదు. కొంగున ముడివేసికొన్న కాగితమొకటి విప్పి మా ప్రక్కనున్న విద్యార్థికి చూపి, "ఇందులో ఏముందో కాస్త చెప్పు నాయనా, మేస్త్రీనడిగితే రేపు రమ్మంటాడు" అనెను. అది పి.ఎఫ్. ఖాతా సంఖ్య వ్రాసిన చీటి. ఆ బాలుడు వాణిజ్యశాస్త్రము మూడవ సంవత్సరము చదువుచున్నవాడు. భవిష్యనిధి చట్టముపై పరీక్షలో రెండు పుటల సమాధానము వ్రాసినవాడు. అతడు మా వంక చూచెను. మేము గడియారము వంక చూచితిమి. ఫోటోగ్రాఫరు పిలుచుచుండెను. "తరువాత చూద్దాములే అమ్మా" అని చెప్పి వచ్చివేసితిమి. ఆ ఫోటో మరుసటి సంచికలో నిండుపుటగా అచ్చైనది. అందులో ఆమె లేదు.

చెన్నపట్టణపు వీధులను, మురుగుకాలువలను శుభ్రము చేయువారిలో తెలుగు మాటలాడువారు పెక్కుమంది కలరని అచట నివసించు ప్రతి తెలుగువానికిని తెలియును. తెలియనట్లు నటించుట మన మర్యాదలలో ఒకటైనది. షోలాపురమున మగ్గములను, బీడీలను నమ్ముకొని బ్రతుకు తెలుగు కుటుంబముల మాటయు ఇంతే. ముంబయిలోని కామాటిపురమునకు ఆ పేరు తెలుగునాటినుండి కూలికిపోయిన కామాటీలవలన వచ్చినదని ఎందరు తలంతురు? మన సంచికలు తిరుగవేసి చూడుడు. రాయలవారి భువనవిజయము ఏటేట వచ్చును, తంజావూరు నాయకరాజుల యక్షగానములు వచ్చును, మెలట్టూరు భాగవతమేళము వచ్చును. రావలసినవే, మేమును వాటిపై వ్రాసితిమి. కాని పరాయి గడ్డపై తెలుగును కవులు మాత్రమే నిలిపినట్లు మనము మురియుచుండగా, చీపురు పట్టినవారు దానిని పలకా బలపము లేకయే నిలిపినారు.

కోలారు బంగారుగనుల పట్టణమున 1966లో ఇట్టి తెలుగు కుటుంబమునందే బెజవాడ విల్సన్‌గారు పుట్టిరి. గనికార్మికుల వాడలలోని పొడి మరుగుదొడ్లను చేతులతో శుభ్రము చేయుట ఆయనవారికి బ్రతుకుదెరువు. 1986లో ఆయన గనుల అధికారులకు, మంత్రులకు, పత్రికలకు ఈ పని మాన్పుడని లేఖలు వ్రాయసాగిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువది. సరిగా మన కుర్చీలు మోయు పిల్లల వయస్సు. ఆ లేఖలనుండి పెరిగినదే సఫాయి కర్మచారీ ఆందోళన్. 2016లో ఆయనకు మగ్సేసే పురస్కారము వచ్చెను. చేతితో మలము ఎత్తించు పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో మరింత గట్టి చట్టము వచ్చినవి. మురుగుకాలువలో దిగి మరణించినవారి కుటుంబమునకు పది లక్షలు ఇయ్యవలెనని 2014లోను, ముప్పది లక్షలు ఇయ్యవలెనని 2023లోను సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆ ముప్పది లక్షల మాట తెలియని వితంతువు మన భాష మాటలాడుచు, మన సంఘభవనమునకు నాలుగు వీధుల ఆవల ఉండవచ్చును. మన ఇండ్లలో న్యాయశాస్త్రము చదువుచున్న పిల్లలు లేరా? వారిచేత తోరణములు కట్టించుచున్నాము.

కొందరు మిత్రులు మాతో ననిరి: "ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులు, మనది సాంస్కృతిక సంఘము." సంస్కృతి యనగా వారి మనసులో వీణయు, అవధానమును గలవు. మాకు వేరొక ఉదాహరణము తోచుచున్నది. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో చరిత్ర బోధించుచుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు అడవినుండి వచ్చు సవరలను చూచిరి. వారికి తెలుగు నేర్పుదమని బయలుదేరలేదు. మొదట తామే వారి భాష నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. సవరభాషా వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. ఆ తిరుగుళ్లలో వచ్చిన మలేరియాకు క్వినైను వాడి చెవులు పోగొట్టుకొనిరని చెప్పుదురు. ఇది తరగతి గదిలో జరిగిన పని కాదు, ప్రభుత్వము ఆజ్ఞాపించిన పనియు కాదు. ఆయన పుట్టినదినమగు ఆగస్టు 29ననే మనము తెలుగు భాషా దినోత్సవము జరుపుచున్నాము, దండలు వేయుచున్నాము. (వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు మా ఈ గ్రాంథికపు వాలకము చూచినచో నవ్వియుండును. అలవాటు పోదు.)

ఆయన చేసినదానిలో మన విద్యార్థులకు కావలసిన మెలకువ యొకటి కలదు. ఉపకారము చేయబోవుటకు ముందు ఆయన వినుటకు కూర్చుండెను. చీపురు పట్టిన విద్యార్థికి ఆ వీధివారినుండి నేర్చుకొనవలసినది కలదని ఎవ్వరును చెప్పలేదు. ఆమె పాటలు, పొడుపుకథలు, ఆమె తాత నడిచివచ్చిన దారి, నెల్లూరులో వాడుకపోయి ఆమె నోట నిలిచియున్న మాటలు, ఇవి ఏ తెలుగు శాఖవారికైనను పరిశోధనకు చాలును. ఆమెకు కావలసినది ఒక కాగితము చదివిపెట్టువాడు. ఇచ్చిపుచ్చుకొనుటకు ఇరువైపుల ఇంత యుండగా ఎండుటాకులు పోయించితిమి.

"పరీక్షలు, ఉద్యోగములు, పోటీలు, పిల్లలకు తీరిక ఎక్కడిది?" అనునది మరొక ఆక్షేపణ. ఇది తల్లిదండ్రుల మాట, కొంత నిజము. కాని సమాజసేవకు విద్యలో భాగముగా క్రెడిట్లు ఇయ్యవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పుచున్నది. కాగా తీరిక లేదను పిల్లవానికే మన సభకు మూడు సాయంకాలములు రిహార్సలుకు తీరిక దొరకుచున్నది గదా. రాజకీయములు చొరబడునని వెరచువారికి మా సమాధానము చిన్నది: పి.ఎఫ్. చీటి చదువుట రాజకీయమైనచో, ఆ రాజకీయము పిల్లలకు అవసరమే.

మేము త్రోసివేసి వచ్చిన ఆ చీటి కథ అంతటితో ముగియలేదు. ఆ బాలుడు మాకు చెప్పకయే మరుసటి ఆదివారము స్నేహితునొకని వెంటబెట్టుకొని ఆ పేటకు పోయినాడు. సెల్‌ఫోనులో ఖాతా తెరచి చూడగా పదునొకండు నెలల సొమ్ము జమ కాలేదు. జీతమునుండి కోత మాత్రము ప్రతినెల జరిగినది. వారిద్దరును అర్జీ వ్రాసి, ఆమె వెంట కార్యాలయమునకు నాలుగుమార్లు తిరిగి, ఆ బాకీ రాబట్టిరి. ఆ వార్త ప్రాకి మరి నలువదిమంది చీటీలు పట్టుకొని వచ్చిరి. కొందరు తల్లులు, పిల్లలకు తెలుగు అక్షరములు కూడ చెప్పుడని అడిగిరి. బడిలో తెలుగు లేదు. ఇప్పుడు ఆరుగురు విద్యార్థులు ఆదివారముల పూట మూసియున్న రేషను దుకాణము అరుగుపై కూర్చుండి ఈ పనులు చేయుచున్నారు. వానవచ్చినచో లేదు.

మన సంఘభవనము ఆదివారము ఉదయము తాళము వేసియుండును. పంకాలు కలవు, నల్లబల్ల కలదు, నాలుగువందల కుర్చీలు కలవు. వాటిని మోసిన పిల్లలే ఇప్పుడు వాటిలో కొన్నిటిని అడుగుచున్నారు. తాళపుచెవి ఇయ్యవలెనని వారు వ్రాసిన లేఖను మేము కార్యవర్గము ముందుంచితిమి. "ఎవరెవరో వత్తురు, భవనము పాడగును" అని ఒకరనిరి. ఆ ఎవరెవరో ఎవరని మేమడిగితిమి, బదులు రాలేదు. రాబోవు సమావేశపు విషయసూచిక నిన్ననే అందినది. ఉగాది ఏర్పాట్లు మొదటి అంశము. తాళపుచెవి తొమ్మిదవది.