కట్టినవాడి చెవి సాక్ష్యం చెల్లదు

మొన్న సెలవుల్లో నాచారంలో మా ఇంట్లోనే ఒక డ్యాక్ కట్టాను. ల్యాప్‌టాప్‌లో అంకెలుగా ఉన్న పాటను స్పీకర్ సెట్‌కు కావాల్సిన వోల్టేజీగా మార్చేదే డ్యాక్. చిప్ పేరు పీసీఎం5102. పాట పెడితే మెత్తగా వినిపించింది. "వార్మ్ సౌండ్ రా!" అని ఫ్రెండ్స్ గ్రూపులో గొప్పలు పోయాను.

రెండ్రోజులకి అమ్మ అడిగింది: "ఏంట్రా, పాట ఫోన్‌లో విన్నట్టుంది?"

కోపమొచ్చింది. కానీ డేటాషీట్ మళ్లీ తెరిచాను.

చిప్‌లోంచి పాటతో పాటు మన చెవికి అందని హై ఫ్రీక్వెన్సీ నాయిస్ కూడా వస్తుంది. అది యాంప్లిఫయర్‌లోకి వెళ్తే వినిపించే డిస్టార్షన్‌గా మారొచ్చు. అందుకే చివర ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో ఫిల్టర్ పెడతారు. డేటాషీట్‌లో ఉన్నవి 470 ఓమ్‌లు, 2.2 నానోఫ్యారడ్. నేను మాత్రం పాత ప్రాజెక్ట్ కిట్‌లో మిగిలిన 104 కెపాసిటర్ పెట్టేశాను. "చిన్నదే కదా, ఏదైతే ఏంటి" అనుకున్నా.

104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫ్యారడ్లలో. అంటే 100 నానోఫ్యారడ్. కావాల్సిన దానికి 45 రెట్లు! ఫిల్టర్ ఎక్కడి నుంచి కోస్తుందో తెలియాలంటే 1ని 2 × పై × రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్‌తో భాగించాలి. సరైన విలువలకు సుమారు 1,54,000 హెర్ట్జ్ వస్తుంది. అప్పుడు 20,000 హెర్ట్జ్ దగ్గర కూడా ఒక శాతం లోపే తగ్గుతుంది. నేను పెట్టినదానికి వచ్చింది సుమారు 3,400. 10,000 హెర్ట్జ్ శబ్దం మూడో వంతుకు పడిపోతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో మాట వెళ్లేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. అమ్మకి ఈ లెక్కేదీ తెలీదు, కానీ కరెక్ట్‌గా చెప్పింది.

"ఆడియోలో చివరికి చెవే జడ్జి" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. చెవి పనికిరాదని కాదు, కట్టినవాడి చెవి పనికిరాదని. ఆ రెండ్రోజులు నేను విన్నది పాటని కాదు, నా కష్టాన్ని. ఇలాంటప్పుడే ఖరీదైన కెపాసిటర్ కొని "అబ్బ, ఎంత తేడా!" అనుకుంటాం. ముందు విలువ లెక్కకట్టాలి, తర్వాత రకం చూడాలి, బ్రాండ్ చివర్లో.

రకం ఎందుకంటే, ఎక్స్7ఆర్ సిరామిక్‌లో వోల్టేజీ మారితే కెపాసిటెన్స్ కూడా మారుతుంది. పాట అంటేనే మారే వోల్టేజీ. సీ0జీ రకం దాదాపు మారదు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి "అన్నా, 222 ఉందా?" అన్నాను. "సీ0జీ కావాల్నా తమ్మీ, మామూలుదా?" అన్నాడాయన. సిగ్గేసింది. మా నాచారానికి ఈసీఐఎల్ బస్సెక్కితే వచ్చేంత దూరం. 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ అంత దగ్గరున్నా, సీఎస్ఈ చదివే నాకు కెపాసిటర్ మీద అంకెలు చదవడం రాలేదు. కోడ్‌లో తప్పుంటే ఎర్రర్ అన్నా వస్తుంది. సోల్డర్ చేసిన తప్పు మాత్రం పాడుతూనే ఉంటుంది.

టీ డబ్బులకే రెండు కెపాసిటర్లు వచ్చాయి. మార్చి, అదే పాట పెట్టాను. ఏం మార్చానో అమ్మకి చెప్పలేదు.

"ఇప్పుడు తాళాలు వినిపిస్తున్నాయిరా" అంది.